బ్యాంకాక్‌లో తిండికి నెలకు ఎంత అవుతుంది, థాయ్ వంట మన నోటికి పడుతుందా?

మీరు అడిగింది టూకీగా ఇదీ: హైదరాబాద్ నుంచి కంపెనీ మిమ్మల్ని బ్యాంకాక్ పంపిస్తోంది, మే నెలలో చేరాలి. మీరు గొడ్డుమాంసం తప్ప అన్నీ తింటారు, మీ మిసెస్ మాంసం, చేప ముట్టరు కానీ గుడ్డు తింటారు, పాపకి ఆరేళ్లు. తిండికి నెలకు ఎంత పక్కన పెట్టుకోవాలి, థాయ్ తిండి అలవాటవుతుందా, లేక రోజూ ఇండియన్ రెస్టారెంట్ల చుట్టూ తిరగాల్సిందేనా? నేను ఇక్కడ ఉద్యోగం చేస్తూ చాలా ఏళ్లుగా ఉంటున్నాను, ఇంట్లో వండుకుంటాను, బయటా తింటాను కాబట్టి రెండు వైపుల లెక్కా చెప్పగలను.

ముందు అసలు మాట. ఇక్కడ జేబు ఖాళీ అయ్యేది థాయ్ తిండి వల్ల కాదండి, హైదరాబాద్‌లో ఏం తిన్నామో ఇక్కడా మూడు పూటలా అదే కావాలని పట్టుబడితే అవుతుంది. థాయ్‌వాళ్లు తినే చోట, వాళ్లు తినే వేళకి వెళ్లి కూర్చుంటే ఇంత పెద్ద నగరంలో ఇంత తక్కువకి ఇంత మంచి భోజనం దొరుకుతుందా అనిపిస్తుంది. పైగా ఆ భోజనం మన పులుపు, కారాలకి మీరు అనుకుంటున్నదాని కంటే చాలా దగ్గర.

ధరలు ఎందుకు తక్కువో తెలిస్తే ఎక్కడ తినాలో కూడా తెలిసిపోతుంది. 2025 జులై నుంచి బ్యాంకాక్‌లో కనీస రోజుకూలి 400 బాత్. నగరంలో అద్దెకుండే చాలామంది గదుల్లో వంటిల్లే ఉండదు, ఉన్నా ఒక సింకు, ఒక చిన్న స్టవ్వు. కాబట్టి సెక్యూరిటీ గార్డు, మోటార్‌సైకిల్ టాక్సీ అబ్బాయి, బ్యాంకులో పనిచేసే అమ్మాయి అందరూ ఆ వీధి చివరి కొట్టులోనే తింటారు. 400 సంపాదించేవాడు రోజుకి రెండు మూడుసార్లు కొనగలిగే ధరే ప్లేటు ధర, అందుకే అది 50, 60 బాత్ దగ్గర ఆగుతుంది. ఒక కొట్టు పది బాత్ పెంచితే జనం పక్క బండికి వెళ్తారు. బాత్ అంటే మన లెక్కలో రెండున్నర నుంచి మూడు రూపాయల మధ్య అటూఇటూ అవుతుంది కాబట్టి 60 బాత్ ప్లేటు దాదాపు 150 నుంచి 180 రూపాయలు. అయితే ఒక సలహా, వచ్చిన కొత్తలో ప్రతిదాన్నీ రూపాయల్లోకి మార్చి చూసుకోకండి, జీతం బాత్‌లో వస్తున్నప్పుడు ఆ టెన్షన్ అనవసరం.

మొదట మీరు వెతకాల్సింది అన్నం-కూరల కొట్టు. థాయ్‌లో ఖావ్ కేంగ్ అంటారు. ముందు అద్దాల బల్ల, లోపల పదో పదిహేనో స్టీలు ట్రేలు, ఒకదాంట్లో గ్రీన్ కర్రీ, ఒకదాంట్లో అల్లంతో వేయించిన చికెన్, ఒకదాంట్లో కాకరకాయ గుడ్డు, ఇంకోదాంట్లో వేయించిన చేప మీద మిర్చి ముద్ద. భాష రాకపోయినా వేలు చూపిస్తే చాలు. అన్నం మీద ఒక కూరకి 40 నుంచి 50, రెండు కూరలకి 50 నుంచి 60. మంచినీళ్లు, ఐసు చాలాచోట్ల ఉచితమో, రెండు మూడు బాత్‌లో. వీళ్లు పొద్దున్నే వండి పెట్టేస్తారు, పదకొండున్నరకి వెళ్తే అన్నీ ఉంటాయి, ఒంటిగంట దాటితే ట్రేలు సగం ఖాళీ. జనం ఎక్కువగా ఉన్న కొట్టు చూసుకుని త్వరగా వెళ్లండి, పొట్టకి కూడా అదే క్షేమం, ఎందుకంటే అక్కడ వండింది వండినట్టు అయిపోతుంది.

తర్వాత, ఆర్డర్ చెప్తే అప్పటికప్పుడు వండిచ్చే కొట్లు. ఇక్కడ రాజు పాడ్ కప్రావ్. బాగా కాగిన కడాయిలో దంచిన వెల్లుల్లి, పచ్చిమిర్చి పడగానే ఆ ఘాటుకి వీధిలో నడిచేవాళ్లు దగ్గుతారు, అందులో సన్నగా కొట్టిన మాంసం, సాస్, చిటికెడు పంచదార, చివర్లో గుప్పెడు ఆకులు. ఆ ఆకు మన తులసి జాతిదే. ఇక్కడ దాన్ని కూరలో ఆకుకూరలా ధారాళంగా వేస్తారు, మొదటిసారి మనకి కొంచెం వింతగా ఉంటుంది కానీ ఆ వాసన లేకపోతే ఆ వంటే లేదు. ప్లేటు 50 నుంచి 65, పైన గుడ్డు కావాలంటే ఇంకో పది. ఆ గుడ్డు కచ్చితంగా వేయించుకోండి. నూనె ఎక్కువ పోసి వేయిస్తారు, అంచులు కరకరలాడుతూ గోధుమరంగులోకి వస్తాయి, పచ్చసొన మాత్రం కారుతూ ఉంటుంది, దాన్ని చెంచాతో చిదిమి అన్నంలో కలిపి పక్కన ఇచ్చే పచ్చిమిర్చి, ఫిష్ సాస్ నాలుగు చుక్కలు వేసుకుంటే ఆ పూటకి ఇంకేం అక్కర్లేదు. బీఫ్, పోర్క్, చికెన్ అన్నిటితోనూ చేస్తారు కాబట్టి ‘కాయ్’ అని చెప్పండి, అంటే కోడి. ‘నూవా’ అంటే గొడ్డుమాంసం, ‘మూ’ అంటే పంది, ‘ప్లా’ చేప, ‘కుంగ్’ రొయ్య. ఈ ఐదు మాటలు విమానంలోనే బట్టీ పట్టేయండి. బోట్ నూడుల్స్ దగ్గర మరీ జాగ్రత్త, ఆ చిక్కటి పులుసులో పంది రక్తమో గొడ్డు రక్తమో కలపడం అక్కడ మామూలే.

రుచి సంగతికి వస్తే, థాయ్ తిండి అనగానే మనవాళ్లకి మాల్‌లో తిన్న తియ్యటి పాడ్ థాయ్ నూడుల్స్, కొబ్బరిపాల కర్రీ గుర్తొస్తాయి. ఇంట్లో, వీధిలో థాయ్‌వాళ్లు తినేది వేరే. కేంగ్ సోమ్ అని చింతపండు పులుసు ఒకటి ఉంది, కొబ్బరిపాలు ఉండవు, ఎండుమిర్చి ముద్ద, చింతపండు, చేప లేదా రొయ్యలు. చలికాలంలో అందులో ములక్కాడలు వేస్తారు! అవిసె పూలతో కూడా చేస్తారు. దక్షిణ థాయ్‌లాండ్ వాళ్లు చేసే కేంగ్ సోమ్ పసుపు వేసి ఇంకా ఘాటుగా ఉంటుంది, గుంటూరు వాళ్లు కూడా మంచినీళ్లు అడుగుతారు. గ్రీన్ కర్రీలో తేలే చిన్న చిన్న పచ్చ గుండ్లు మన ఉస్తికాయలే. కడాయిలో మంట లేచేలా వేయించే ఆకుకూర మన తూటికూర. దొండ తీగ ఆకుల్ని పల్చటి సూపులో వేస్తారు. నామ్ ప్రిక్ అని రోట్లో దంచిన మిర్చి పచ్చళ్లు బోలెడు రకాలు, పక్కన ఉడికించిన వంకాయ, బెండకాయ, పచ్చి దోసకాయ పెట్టుకుని తింటారు. మిర్చి ఇటు వీళ్లకీ, అటు మనకీ 16వ శతాబ్దంలో పోర్చుగీసు వాళ్ల వల్లే వచ్చింది, ఇవాళ గుంటూరు మార్కెట్ ఎండుమిర్చి కొనే దేశాల్లో థాయ్‌లాండ్ కూడా ఉంది. నేను ఇవన్నీ ఎందుకు చెప్తున్నానంటే, చాలామంది మనవాళ్లు వచ్చిన మొదటి వారం ఫిష్ సాస్ వాసన చూసి ‘ఇది మనకి పడదు’ అని తీర్మానించుకుని మిగతా రెండేళ్లూ చపాతీ ప్యాకెట్లతో గడిపేస్తారు. నాకు అది చూస్తే నిజంగా బాధేస్తుంది. పక్క వీధిలో పులుసన్నం తినే మనుషులుండగా అంత దూరం ఎందుకు జరుగుతారో!

సోమ్ తమ్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పచ్చి బొప్పాయి కోరుతో చేస్తారు. లోతైన మట్టి రోలు, కర్ర రోకలి. ముందు వెల్లుల్లి, మిర్చి దంచి, తాటిబెల్లం, నిమ్మరసం, ఫిష్ సాస్, పొడుగు బొబ్బర్లు, టమాటా వేసి నలిపి, ఆఖర్న బొప్పాయి వేసి ఒక చేత్తో దంచుతూ ఇంకో చేత్తో గరిటెతో కలుపుతుంటారు. అమ్మే ఆవిడ ముందే అడుగుతుంది, మిర్చి ఎన్ని అని. మొదట్లో రెండు చెప్పండి, మనది కారం తినే నోరని గొప్పకు పోయి పది చెప్పకండి, ఈ పచ్చిమిర్చి చిన్నదే కానీ దాని మంట మన ఎండుకారంలా మెల్లగా ఎక్కదు, వెంటనే పట్టుకుంటుంది. ‘థాయ్’ రకం అడిగితే వేరుశనగ గుళ్లు, ఎండు రొయ్యలతో తీపి పులుపుగా వస్తుంది, ‘ప్లా రా’ వేసింది అంటే పులియబెట్టిన చేప నీళ్లు కలిపింది, అది అలవాటయ్యాకే. ధర 50 నుంచి 60, పక్కన స్టికీ రైస్ (జిగురన్నం) చిన్న సంచి పది బాత్, నిప్పుల మీద కాల్చిన కోడి సగం 80 నుంచి 100. స్టికీ రైస్ చేత్తోనే తినాలి, ఆ విషయంలో మనకి ట్రైనింగ్ అక్కర్లేదు.

ఇక మీ మిసెస్ విషయం. ఇదే అసలు కష్టం, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. ఇక్కడ వీధి కొట్టులో ‘వెజిటేరియన్’ అంటే మాంసం ముక్కలు తీసేసి ఇస్తారు, కానీ ఫిష్ సాస్, ఆయిస్టర్ సాస్ (ఆల్చిప్పల సాస్) మామూలుగానే పడతాయి, కర్రీ ముద్దల్లో రొయ్యల పేస్టు ముందే ఉంటుంది. వాళ్లు మోసం చేస్తున్నారని కాదు, వాళ్ల దృష్టిలో అది ఉప్పు వేసినట్టే. దీనికి మందు ‘జే’. పసుపు రంగు జెండా మీద ఎర్ర అక్షరాలు, చూడటానికి 17 అంకెలా కనిపిస్తుంది. జే అంటే చైనీస్ బౌద్ధ సంప్రదాయంలోని కఠిన శాకాహారం, మాంసం, చేప, గుడ్డు, పాలు, ఉల్లి, వెల్లుల్లి ఏవీ ఉండవు. ఆ జెండా ఉన్న కొట్లో ఆవిడ కళ్లు మూసుకుని తినొచ్చు. చాలా ఫుడ్ కోర్టుల్లో ఒక జే కౌంటర్ ఉంటుంది, ప్లేటు 40 నుంచి 60. సెప్టెంబర్-అక్టోబర్ ప్రాంతంలో తొమ్మిది రోజుల జే పండుగ వస్తుంది, అప్పుడు యావరాత్ చైనాటౌన్ అంతా పసుపు జెండాలే, సెవెన్ ఇలెవెన్‌లో కూడా జే సరుకులు పెడతారు, ఆ తొమ్మిది రోజులూ ఆవిడకి నిజంగా పండుగే. మామూలు కొట్టుకి వెళ్తే ‘మై సాయ్ నామ్ ప్లా’ (ఫిష్ సాస్ వద్దు), ‘మై సాయ్ నామ్ మన్ హోయ్’ (ఆయిస్టర్ సాస్ వద్దు) అని చెప్పాలి, ఫోన్‌లో థాయ్ లిపిలో రాసి పెట్టుకుని చూపిస్తే ఇంకా మంచిది. వంట అమ్మలు విసుక్కోరు, ఓపిగ్గా ఉప్పు వేసి చేసిస్తారు. కానీ అదే కడాయి, అదే గరిటె. అది ఇబ్బంది అనిపించేవాళ్లయితే జే కొట్లకే పరిమితం కావడం మేలు.

పాపకి పెద్ద సమస్య ఉండదు. ఖావ్ మన్ కాయ్ అని కోడి ఉడికించిన నీళ్లలో వండిన అన్నం, మెత్తటి కోడి ముక్కలు, కారం లేకుండా 50, 60 బాత్‌లో వస్తుంది. అన్నం మీద ఆమ్లెట్ 40, 50. టోఫు (సోయా పనీర్) వేసిన చప్పటి సూపు దాదాపు ప్రతి కొట్టులో ఉంటుంది. బిర్యానీ మీద బెంగ పెట్టుకుంటే థాయ్ ముస్లింల కొట్లలో ఖావ్ మోక్ కాయ్ అడగండి, పసుపు అన్నం, కోడి కాలు, పైన వేయించిన ఉల్లిపాయలు, పక్కన పుల్లటి పచ్చ చట్నీ. హైదరాబాద్ దమ్ బిర్యానీ అనుకుని తినకండి, దాని రుచి దానిదే. పిల్లల డ్రింకులు మాత్రం చూసుకోండి, ఇక్కడ టీ, కాఫీ, జ్యూసులు అన్నిట్లోనూ తీపి బాగా ఎక్కువ. ‘వాన్ నోయ్’ అంటే తీపి తక్కువ అని.

ఖర్చు ఎక్కడ పెరుగుతుందో ఇప్పుడు చూద్దాం. ఏసీ, మాల్, ఇంగ్లీష్ మెనూ ఈ మూడూ కలిసిన చోట అదే కప్రావ్ 150 నుంచి 250. మెనూ కింద ‘ప్లస్ ప్లస్’ గుర్తు ఉంటే పది శాతం సర్వీస్ చార్జీ, దాని మీద ఏడు శాతం వ్యాట్, అంటే 1,000 బాత్ బిల్లు 1,177 అవుతుంది. మాల్‌కి వెళ్లాల్సి వస్తే పైఅంతస్తు ఫుడ్ కోర్టుకి వెళ్లండి, అసోక్‌లో టర్మినల్ 21 మాల్‌లోని పియర్ 21 దీనికి బాగా పేరు పడింది, ఏసీలో కూర్చుని దాదాపు వీధి ధరకే తినొచ్చు, ముందు కార్డులో డబ్బు వేయించుకుని మిగిలింది వెనక్కి తీసుకోవచ్చు. గ్రాబ్, లైన్‌మ్యాన్ యాప్‌లలో ప్లేటు ధర కొట్టు ధర కంటే చాలాసార్లు పదీ ఇరవై బాత్ ఎక్కువే ఉంటుంది, పైన డెలివరీ. రోజూ యాప్ మీద పడితే నెలాఖరుకి ఎంతైందో మీకే తెలియదు. సముద్రపు చేపలు, పీతలు, రొయ్యలు అమ్మే రెస్టారెంట్లలో ధర పక్కన ‘ఖీత్’ అని ఉందేమో చూడండి, ఒక ఖీత్ అంటే 100 గ్రాములు. 120 అని చూసి చవకే అనుకుంటారు, చేప ఎనిమిది వందల గ్రాములుంటే 960 బాత్. వండకముందే తూకం వేయించి మొత్తం అడగండి.

ఇండియన్ రెస్టారెంట్లకి లోటు లేదు, సుఖుమ్‌విత్‌లో ‘నానా’ అనే చోటు చుట్టుపక్కల, సిలోమ్‌లో మారియమ్మన్ గుడి దగ్గర, ఇండియన్ బజారైన పాహురత్‌లో చాలా ఉన్నాయి. కానీ దోసె 120 నుంచి 180, మనిషికి భోజనం 250 నుంచి 400, ముగ్గురు వెళ్తే 1,200 దాటడం మామూలే. నెలకి రెండుసార్లు మనసు తీరడానికి వెళ్లండి, రోజువారీకి వద్దు.

ఇంటి వంటకి సరుకులు పాహురత్‌లో కొనుక్కోండి, సామ్ యోత్ మెట్రో స్టేషన్‌లో దిగి నడిచి వెళ్లొచ్చు. కందిపప్పు, మినప్పప్పు, ఇంగువ, ఆవాలు, కరివేపాకు దొరుకుతాయి. బియ్యం మాత్రం సోనామసూరి కోసం వెతక్కండి, అది దిగుమతి సరుకు, ఇక్కడి మల్లె బియ్యం (జాస్మిన్ రైస్) సువాసనగా, కాస్త మెత్తగా ఉంటుంది, నీళ్లు తగ్గించి వండితే పప్పులోకి బాగుంటుంది. కూరగాయలు మీ ఇంటి దగ్గరి తడి మార్కెట్‌లో, అంటే కూరగాయలు, చేపలు తాజాగా అమ్మే బజార్లో, పొద్దున్నే కొనండి, వంకాయ, బెండ, కాకర, పొట్ల, ములక్కాడ అన్నీ సూపర్‌మార్కెట్ కంటే బాగా చవక. ఒతోకో మార్కెట్ చూడటానికి అందంగా ఉంటుంది కానీ ధరలు దానికి తగ్గట్టే, ఖ్లోంగ్ తోయ్ మార్కెట్ అయితే నేల తడిగా, రద్దీగా ఉన్నా సరుకు తాజా, ధర తక్కువ. పాలు లీటరు 50 బాత్ దగ్గర. షాపులో పెరుగు కప్పుల్లో చాలావాటిలో పంచదార ఉంటుంది కాబట్టి లేబుల్ చూసి తియ్యనిది ఒకటి కొని తోడు వేసుకుంటే సరిపోతుంది, ఈ ఎండలకి పూటలో తోడుకుంటుంది. కాండోల్లో, అంటే ఇక్కడి అపార్ట్‌మెంట్లలో, ఎక్కువగా గ్యాస్ ఒప్పుకోరు, చాలాచోట్ల ఇండక్షన్ స్టవ్వే. ఇండక్షన్ అడుగు ఉన్న చిన్న కుక్కర్, మిక్సీ తెచ్చుకోండి. ఇల్లు చూసేటప్పుడు పొగ బయటికి పోయే దారి ఉందో లేదో కచ్చితంగా చూడండి, లేకపోతే ఒక్క పోపుతో బట్టలన్నీ వాసన.

మీ ముగ్గురికీ నా లెక్క ఇలా వస్తుంది: ఇంటి సరుకులు, పాలు 9,000, మీకు ఆఫీసు రోజుల్లో మధ్యాహ్నం భోజనం, కాఫీ కలిపి 2,200, వారానికి రెండుసార్లు ముగ్గురూ థాయ్ కొట్లో రాత్రి భోజనం 2,400, నెలకి రెండుసార్లు ఇండియన్ రెస్టారెంట్ 2,600, ఒకసారి మాల్ 1,200, పళ్లు 1,500. అంటే 19,000 దగ్గర. 20,000 పక్కన పెట్టుకుంటే ఇరుకు లేకుండా గడుస్తుంది. అదే యాప్‌లూ, ఇండియన్ రెస్టారెంట్లూ రోజువారీ అయితే 35,000 నుంచి 40,000 తేలిగ్గా దాటుతుంది, తిన్నది మాత్రం ఇంతకంటే గొప్పగా ఏమీ ఉండదు. పెద్ద రెస్టారెంట్ల సరదా ఉంటే అది వేరే బడ్జెట్. దక్షిణ థాయ్ వంటలు చేసే ‘సోర్న్’కి 2024 నవంబర్‌లో మూడు మిషెలిన్ స్టార్లు (రెస్టారెంట్లకి ఆ గైడ్ ఇచ్చే అత్యున్నత గుర్తింపు) వచ్చాయి, మనిషికి వేలల్లో ఖర్చు, టేబుల్ దొరకడమే కష్టం. వీధి వంటకి పేరుపడ్డ జే ఫాయ్ గారి పీత ఆమ్లెట్ కూడా వెయ్యి దాటిన సంగతే. జీవితంలో ఒకసారి వెళ్తామంటే వెళ్లండి, కానీ థాయ్ వంట అంటే ఏమిటో తెలుసుకోవడానికి అవి తప్పనిసరి కాదు, మీ వీధి చివరి ఖావ్ కేంగ్ కొట్టు చాలు.

మీరు దిగేది మే నెల అంటున్నారు, అది పళ్ల కాలం. మామిడి ఇంకా ఉంటుంది, నామ్ దోక్ మాయ్ రకం పండుతో కొబ్బరిపాల స్టికీ రైస్ 100 నుంచి 150 బాత్, పాపకీ మీ మిసెస్‌కీ బాగా నచ్చుతుంది, మాంసం చేప గొడవ లేనిది. చాంతబురి వైపు నుంచి మంగుస్తాన్, రంబుతాన్ బండ్ల మీద కుప్పలుగా వస్తాయి, కిలోల లెక్కన కొనుక్కోండి, సూపర్‌మార్కెట్ ప్యాకెట్లు వద్దు. దురియాన్ వాసనకి భయపడకండి, మోన్‌థోంగ్ రకం, సరిగ్గా పండింది, బండి దగ్గరే ఒక చిన్న ముక్క రుచి చూసి నచ్చితేనే కొనండి. హోటళ్లలోకి, మెట్రోలోకి మాత్రం రానివ్వరు, కాండోలోకి తీసుకెళ్లే ముందు లిఫ్ట్ దగ్గర బోర్డు ఉందేమో చూసుకోండి.